ర్యాంపెక్కిన పాళెగాడు

నాగులమిట్టలో ఎత్తేవాళ్ళకు కరువు లేదు. లోహిత చక్రాల కుర్చీ బజారులోకి వచ్చిందంటే చాలు, టీకొట్టు దగ్గర కూర్చున్న మగాళ్ళంతా గ్లాసులు పక్కన పెట్టి లేచి వచ్చేస్తారు. ముందు చేతులు పడతాయి, "ఎత్తమంటావా అక్కా?" అని అడగడం ఆ తర్వాత. ఒకసారి ఎండకు తాళలేక ఎరువుల కొట్టు నీడన కాసేపు ఆగింది. ముగ్గురు వచ్చి కుర్చీతో సహా ఎత్తి, మెట్లెక్కించి, యూరియా బస్తాల మధ్య దించి, పుణ్యం మూటగట్టుకుని చక్కా పోయారు. ఆమెకు యూరియాతో పనేముంది? మళ్ళీ కిందికి దించేవాళ్ళు దొరికేదాకా ఆ వాసన పీలుస్తూ కూర్చుంది.

ఇంతమంది ఎత్తేవాళ్ళున్న ఊళ్ళో కట్టేవాడు మాత్రం ఒక్కడే, ఇంజినీరు గిరిప్రసాద్. తంటా అంతా ఆయనతోనే వచ్చింది.

లోహిత మామిడి తోటలో కాయలు కోస్తూ నిచ్చెన మీది నుంచి పడి నాలుగేళ్ళయింది. చెయ్యి విరిగినా కాలు విరిగినా పుత్తూరు కట్టు కట్టించుకుని లేచి తిరిగే సీమ అది. అందుకే ఆమె నాయన పెంచలయ్య ముందు పుత్తూరుకే తీసుకుపోయాడు. కట్టు కట్టే పెద్దాయన వీపు మెల్లగా తడిమి చూసి, "ఇది నా సేతిలో పని గాదప్పా, పెద్దాసుపత్రికి తీసకపో, ఇప్పుడే పో" అని పంపేశాడు. ప్రాణం దక్కింది. కాళ్ళు దక్కలేదు. పోయిన బలమంతా నోట్లోకి చేరిందని చిన్నాయన చిన్నబ్బ అంటుంటాడు గానీ, నిజానికి ఆ నోరు పుట్టుకతో వచ్చిందే.

నోటితో పాటు చేతిలో ఒక విద్య కూడా ఉంది. పడకముందు శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుంది. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, నల్లరంగులో ముంచి, గుడ్డ మీద ఒక్క గీత లాగిందంటే నెమలి మెడ దానంతటదే వంగి వచ్చేది. ఆ సంగతి తెలిసే, వేసవి సెలవులకు ముందు గ్రంథాలయం నడిపే రేవతి ఇంటికొచ్చింది.

"పిల్లకాయలకి సెలవుల్లో శిబిరం పెడతా ఉండాం లోహితా. బొమ్మలు నేర్పేదానికి నువ్వు రావాల."

నాలుగేళ్ళుగా అందరూ ఆమెతో "నువ్వు కూర్చో, మేం చేస్తాం" అన్నవాళ్ళే. "నువ్వు రావాల, నువ్వు చెయ్యాల" అన్న మనిషి రేవతి ఒక్కతే. లోహిత ఎప్పుడూ లేంది ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా తలూపింది.

ఆ తర్వాత గుర్తొచ్చింది ర్యాంపు.

గ్రంథాలయానికి ర్యాంపు లేదనేందుకు లేదు. పోయినేడే కట్టారు. పక్కన పచ్చరంగు కమ్మీలు, గోడ మీద చక్రాల కుర్చీ బొమ్మ, అన్నీ ఉన్నాయి. ఎక్కడానికి మాత్రం ఉడుము కావాలి. అంత నిటారుగా ఉంది. మెట్ల పక్కన మిగిలిన కాస్త చోటులో దాన్ని ఇరికించేసరికి అట్లా తయారైంది. ఊరి పిల్లలు దాన్ని జారుడుబండ చేసుకున్నారు. ఎదురింటి ముసలమ్మ ఎండాకాలం దాని మీద వడియాలు పెట్టింది, అవి ఎండేలోపే సగం కిందికి జారిపోయాయి. పైగా ర్యాంపు తలుపు దాకా పోదు. చివర ఒక మెట్టుంది. ఆ మెట్టు మీద రెండు పూలకుండీలు. అందానికట.

"దానికేముందిమ్మే, నేనెత్తుకోని పోతా గదా" అన్నాడు పెంచలయ్య.

లోహితకు అది వద్దు. ఎత్తినప్పుడల్లా ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. ఎవరెత్తినా అంతే, నాయన ఎత్తినా అంతే. ఆ కాసేపు తాను మనిషిని కాదు, బస్తా అనుకుని ఊపిరి బిగబట్టుకుంటుంది. రోజూ అట్లా బస్తాలా లోపలికి పోయి పిల్లల ముందు టీచరులా కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఆ మాటే రేవతికి చెప్పింది.

రేవతి ఆలోచించి చెప్పింది: "నువ్వు సెప్పేది న్యాయమే. నేను గూడా అర్జీ పెడతా. కానీ జాతర అయిపోయేలోగా ఏదో ఒకటి తేలాల లోహితా. లేకుంటే పుత్తూరు డ్రాయింగు మాస్టర్ని పిలవాల్సొస్తాది. పిల్లకాయల్ని గమ్మున కూసోబెట్టలేను గదా."

జాతరకు ఇంకా పదిరోజులు కూడా లేవు.

ఇంజినీరు ఆఫీసు గ్రంథాలయానికి సరిగ్గా ఎదురుగానే ఉంది. కిటికీ తెరిస్తే ఆయన కట్టిన ర్యాంపు ఆయనకే కనబడుతుంది. మొదటిసారి ఆయన వీధిలోనే దొరికాడు. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు.

"నిబంధన ప్రకారం ర్యాంపు ఉండాలమ్మా. ఉంది కదండీ?"

"ఉండాది సార్. దాని మింద నేనే నిలబడలేకుండా ఉండాను."

"ఎవరో ఒకరు ఎత్తుతారు కదమ్మా. మీ ఊరివాళ్ళు చాలా మంచివాళ్ళు" అని నవ్వి, పనుందని వెళ్ళిపోయాడు.

రెండోసారి నుంచి ఆయన దొరకలేదు. ఆఫీసుకు మూడు మెట్లున్నాయి. లోహిత కింద నుంచి కేకేస్తే బంట్రోతు వచ్చి, "సార్ క్యాంపుకి పోయినాడు" అనేవాడు.

"సార్ బండి ఈడ్నే ఉండాదే?"

"బండి పోలేదు. సార్ ఒక్కడే పోయినాడు."

లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, కిటికీ రెక్క సందులోంచి ఒక కన్ను. లోహిత ఆ కన్ను వైపు చూసి నమస్కారం పెట్టింది. కిటికీ మూసుకుంది.

ఇంతలో ఊళ్ళో గంగజాతరకు చాటింపు పడింది. నాగులమిట్ట జాతర తిరుపతి జాతరను చూసి నేర్చుకున్నదే, కథ కూడా అదే. ఆడవాళ్ళను చెరబట్టే పాళెగాడొకడు ఉండేవాడట. వాడి పీచమణచడానికి గంగమ్మ పుట్టింది. వాడు భయపడి దాక్కున్నాడు. గంగమ్మ బైరాగి వేషంలో వెతికింది, రాలేదు. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని బండ వేషంలో వీధివీధీ తిరిగి నానా బూతులూ తిట్టింది, అయినా రాలేదు. చివరికి దొర వేషం కట్టుకుని వచ్చింది. ఎవరో పెద్ద దొర వచ్చాడనుకుని పాళెగాడు మర్యాద చేయడానికి బయటికొచ్చాడు. అంతే, తల తెగింది. అందుకే జాతరలో జనం ఆ వేషాలన్నీ వేస్తారు. బండ వేషం వాళ్ళు తిడితే ఎవరూ కోపం తెచ్చుకోరు, తిట్టించుకుంటే మేలంటారు. దొర ఇంటి ముందుకొస్తే చెప్పులు విడిచి ఎదురు రావాలి. దొర మాట గంగమ్మ మాట.

బైరాగి వేషం రోజున లోహిత నుదుటి నిండా నామం పెట్టి, వేపాకు పట్టుకుని ఇంజినీరు ఆఫీసు ముందుకు పోయింది. కుర్చీ మలుపు తిరిగేసరికే గిరిప్రసాద్ వెనక వాకిలి గుండా మాయమయ్యాడు. బండ వేషం రోజున ముఖమంతా కుంకుమతో మళ్ళీ పోయింది. ఈసారి నోరు విప్పింది.

"ఒరే జారుడుబండ ఇంజినీరూ! నీ టేపును ఎలకలు కొరక! నువ్వు కలిపిన సిమెంటు సాంబారయిపోను! నీ అత్తగారింటికి పోయే దారి పొడుగునా నీ ర్యాంపులే మొలవ!"

మిగతావి అచ్చులో రావు. వీధి వీధంతా కడుపులు పట్టుకుని నవ్వింది. ఒక పెద్దామె కళ్ళు తుడుచుకుంటూ, "నన్ను గూడా రెండు తిట్టు తల్లీ, ఈ ఏడు మోకాళ్ళు బాగుపడతాయి" అని వేడుకుంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

కుర్చీ మలుపు తిప్పుకుంటుండగా లోహితకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. బైరాగికి రాలేదు. బండకు రాలేదు. ఈ కథ తాను చిన్నప్పటి నుంచి వింటున్నదే కదా! తన కంటే పెద్దవాడు వచ్చాడంటే ఎంతటి దాక్కున్నవాడైనా పరిగెత్తుకుంటూ వస్తాడు. గంగమ్మకు ఎప్పుడో తెలిసిన సంగతి తనకు ఇప్పుడు తట్టింది.

నేరుగా చిన్నబ్బ ఇంటికి పోయింది. ఏటా దొర వేషం కట్టేది ఆయనే.

"సిన్నాయనా, ఈసారి దొర వేషం నాకియ్యి."

చిన్నబ్బ అప్పుడే మీసాలకు రంగు వేసుకుంటున్నాడు. చెయ్యి ఆగిపోయింది. "ఏమ్మే, ఎండదెబ్బ తగిలిందా? దొర వేషం మగోళ్ళు కట్టేది."

"గంగమ్మ మగోడా?"

"కాదనుకో."

"ఆడది మగ వేషం కట్టింది. ఆ ఆడదాని వేషం మీరు మగోళ్ళు కడతా ఉండారు. నేను కడితే ఒక మెలిక తగ్గుతాది గదా."

చిన్నబ్బ కాసేపు ఆ మెలిక విప్పుకోవడానికి తంటాలు పడ్డాడు. "అది సరే. దొర ఇల్లిల్లూ తిరగాల. నువ్వు యాడ నడుస్తావు?"

"దొర నడుస్తాడా సిన్నాయనా? నడిసేది బంట్లు."

పెంచలయ్య వాకిట్లో నిలబడి అంతా వింటున్నాడు. బిడ్డ పక్షాన మాట్లాడాలో తమ్ముడి పక్షాన మాట్లాడాలో తెలియక తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. చిన్నబ్బ మాత్రం పకపకా నవ్వాడు. పెట్టెలోంచి జరీ తలపాగా, చెక్కకత్తి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "మొక్కు నాది, ముచ్చట నీది. బంటుగా నేనొస్తా. ఇంతకీ ఎవుర్ని నరకాల?"

లోహిత చెప్పింది. ఆ సాయంత్రానికి ఆ మాట ఊరంతటికీ తెలిసిపోయింది, ఒక్క గిరిప్రసాద్‌కు తప్ప.

దొర వేషం రోజు పొద్దున లోహిత ముఖానికి గంధం పూశారు. మీసాలు దిద్దారు. పట్టు కండువా, మెడ నిండా చామంతి దండలు. కుర్చీ చక్రాలు కనబడకుండా ఎర్రగుడ్డ చుట్టి, అరటి పిలకలు కట్టి, పైన గుడి గొడుగు పట్టారు. పల్లకీ కాదు, రథం కాదు, ఆ రెంటి నడుమ ఏదో. తప్పెట్లు మోగాయి. ఇల్లిల్లూ ఆగుతూ, హారతులు అందుకుంటూ ఊరేగింపు ఇంజినీరు ఆఫీసు ముందుకొచ్చి నిలబడింది.

గిరిప్రసాద్ కిటికీ తెరిచాడు. గొడుగు చూశాడు. సర్పంచి చేతులు కట్టుకుని నడవడం చూశాడు. ఊరు ఊరంతా దండాలు పెడుతున్న ఆ మీసాల దొరను చూశాడు. పోయినేడు జాతర అయ్యాక ఊళ్ళోకొచ్చిన ఆయనకు ఇదే మొదటి జాతర. ఇంత పెద్ద కార్యక్రమంలో ఆఫీసరు కనబడకపోతే బాగుండదని తోచింది కాబోలు, చొక్కా సర్దుకుని, చెప్పులు విడిచి, బంట్రోతు చేతిలోని హారతి పళ్ళెం తానే లాక్కుని మూడు మెట్లూ చకచకా దిగి వచ్చాడు. "ఒక ఫోటో తియ్యవయ్యా" అని కూడా అన్నాడు.

జనం ఊపిరి బిగబట్టారు. ఆయన వంగి హారతి ఇచ్చాడు. దొర తన మెడలోని దండ తీసి ఆయన మెడలో వేసింది.

"దొరికినావా ఇంజినీరూ!"

ఆ గొంతు ఆయనకు బాగా తెలుసు. దొంగకు తేలు కుట్టినట్టయింది. వెనక్కి చూశాడు, తప్పెట్లవాళ్ళు మెట్లకు అడ్డంగా నిలబడి ఉన్నారు. సర్పంచి వైపు చూశాడు, ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు. వీధంతా ఈలలే ఈలలు. "పాళెగాడు బయటికొచ్చినాడోయ్!" అని ఎవరో అరిచారు.

"అమ్మా, ఇప్పుడు నన్ను ఏం చేస్తారమ్మా?" అన్నాడు గిరిప్రసాద్. పాపం, కథ తెలియకపోయినా చెక్కకత్తి కనబడుతూనే ఉంది.

"నీ తలకాయ నాకెందుకు సార్? నీ కాళ్ళు ఇయ్యి, కాసేపు."

లోహిత పక్కనే వేయించిన బల్ల మీదికి చేతుల బలంతో తానే జరిగి కూర్చుంది. ఎర్రగుడ్డ ఊడదీశారు. కింద ఉన్న చక్రాల కుర్చీని ఆయన ముందుకు తోసింది. "కూసో సార్. ఎదురుగా ఉండాది గదా మీ ర్యాంపు. దాని మింద పైకి పోయి, రేవతి మేడం దగ్గర ఒక పుస్తకం తీసుకుని రా. కాళ్ళు కింద ఆనించకూడదు. జాతరలో దొర మాట దాటకూడదంట."

గిరిప్రసాద్ నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. నవ్వులాటే కదా, అయిపోతుందనుకున్నాడు. నాలుగు తోపులు తోసేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. కుర్చీ వెనక్కి వచ్చి చిన్నబ్బ పొట్టకు తగిలింది. "ఇంగోసారి సార్" అన్నాడు చిన్నబ్బ మర్యాదగా. రెండోసారి కూడా అంతే. మూడోసారి పళ్ళు బిగించి, చొక్కా తడిసి ఒంటికంటుకునేలా తోసి, ర్యాంపు నడిమికి పోయాడు. అక్కడ ఆగిపోయాడు. పైకి పోలేడు. చేతులు వదిలితే కిందికి పోతాడు. వదలకుండా ఎంతసేపని పట్టుకుంటాడు?

"వదిలెయ్ సార్, జర్రున జారొచ్చు, భలే ఉంటాది!" అన్నారు జారుడుబండ పిల్లకాయలు.

ఆయనకు నవ్వు రాలేదు. "ఎవరైనా వచ్చి కాస్త ఎత్తండయ్యా!" అన్నాడు.

ఆ మాట కోసమే పుట్టారు కదా నాగులమిట్ట మగాళ్ళు! నలుగురు దూకారు. ఒకడు చక్రం, ఒకడు కమ్మీ, ఒకడు ఆయన చంక, ఇంకొకడు ఏది దొరికితే అది. చొక్కా పైకి పోయి పొట్ట బయటపడింది. కళ్ళద్దాలు ముక్కు కొసకు జారాయి. ఎక్కడ పట్టుకోమంటావని ఆయన్ను ఒక్కరూ అడగలేదు. దర్జాగా పైకి మోసుకుపోయి, పూలకుండీల మెట్టు ముందు దించారు.

అప్పుడు చూసింది లోహిత. గిరిప్రసాద్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

ఈ రోజంతా నవ్వాలని పెట్టుకుంది ఆమె. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ మూసుకున్న కళ్ళు తనవే. ఇన్నాళ్ళూ ఎత్తేటప్పుడు తన ముఖం ఇట్లా ఉంటుందా అనుకుంది. గుంపులో ఉన్న పెంచలయ్య కూడా ఆ ముఖాన్నే చూస్తున్నాడు. చూసి బిడ్డ వైపు తిరిగాడు. తలపాగా కొసతో కళ్ళొత్తుకున్నాడు.

లోహిత గొంతు సవరించుకుంది. దొర దొరే కదా, మెత్తబడకూడదు.

"ఇంగో మెట్టుండాది సార్. అందానికి పెట్టినారంట."

గిరిప్రసాద్ కళ్ళు తెరిచి ఆ మెట్టు వైపు చూశాడు. కుర్చీలోంచే వంగి ఒక పూలకుండీని తీసి పక్కన పెట్టాడు, రెండోదాన్నీ పెట్టాడు. "ఈ మెట్టు కొట్టించేస్తానమ్మా" అన్నాడు. ఆయన గొంతులో ఆఫీసు పోయింది. "ర్యాంపు కూడా. పక్క గోడ వెంబడి తిప్పుకొస్తే పొడుగు దొరుకుతుంది. అప్పుడే చేసి ఉండాల్సింది. చోటు లేదని..." అంటూ అద్దాలు సర్దుకున్నాడు.

ఆచారం ప్రకారం పాళెగాడి తలకు బదులు బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. పాళెగాడికి మజ్జిగ అంబలి పోశారు. ఆయన రెండు చెంబులు తాగాడు.

మర్నాడు పొద్దున్నే గిరిప్రసాద్ టేపు పట్టుకుని పెంచలయ్య వాకిట్లో నిలబడ్డాడు. ఏ వాలు అయితే చేతులు నొప్పి పుట్టకుండా ఎక్కగలదో లోహితనే అడిగాడు. పాత ర్యాంపు పగిలింది, కొత్తది గోడ వెంబడి మలుపు తిరిగి, నడుమ కాస్త ఆగే చోటుతో, తలుపు దాకా సాగింది. పిల్లకాయలు జారుడుబండ పోయిందని ఏడ్చారు. సిమెంటు ఆరిందన్న రోజున లోహిత తన కుర్చీ ఆయన ముందుకే తోసింది.

"ముందు మీరెక్కండి సార్."

ఎక్కాడు. పైకి పోయి, ఊపిరి కూడా ఎగబోసుకోకుండా, రేవతి దగ్గర ఒక పుస్తకం తీసుకుని దిగి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నాడు ధీమాగా.

లోహిత ఎదురుగా ఉన్న ఆయన ఆఫీసు వైపు, దాని మూడు మెట్ల వైపు తీరిగ్గా చూసింది. "వచ్చే ఏడు జాతరకి నేను ఏ వేషం కట్టాలో మీరే సెప్పండి సార్."

ఆయన ధీమా ఎగిరిపోయింది. "వద్దమ్మా వద్దు, ఈ నెలలోనే కట్టిస్తాను" అన్నాడు.

శిబిరం మొదలయ్యే రోజు పెంచలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బిడ్డ వెంట వచ్చాడు. ఒళ్ళో రంగుల బుడ్లు, వెదురు కలాలు పెట్టుకుని లోహిత ర్యాంపు మొదట్లో ఆగింది. అలవాటు కొద్దీ టీకొట్టు దగ్గర ఇద్దరు లేచారు. ఆమె చూపు చూసి మళ్ళీ కూర్చున్నారు. చక్రాల మీద చేతులు వేసి తోసింది. మలుపు దగ్గర ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది, మళ్ళీ తోసింది. పైకి చేరాక తలుపులోంచి పిల్లకాయల గోల, గోడ మీద గడియారం, కిటికీలోంచి పడుతున్న ఎండ అన్నీ కనబడ్డాయి. దారంతా కళ్ళు తెరుచుకునే ఉన్నానని అప్పుడు తెలిసింది.

కింద పెంచలయ్య ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాడు. ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక ఒకసారి వెనక కట్టుకున్నాడు, ఒకసారి జేబులో పెట్టుకున్నాడు.

"మరి నేనేం సేసేదిమ్మే?" అని అడిగాడు.

"పైకి రా నాయనా, పిల్లకాయలకి నిన్ను సూపిస్తా."

ఆయన మెట్ల వైపు నడిచాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే మోకాలు కలుక్కుమంది, "అబ్బా" అని ఆగిపోయాడు. నాలుగేళ్ళు ఆమెను మోసిన మోకాళ్ళవి. ఈ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు.

"మెట్లొద్దు నాయనా. ఇట్లా రా, నా దోవన."

పెంచలయ్య చుట్టూ ఒకసారి చూసి, కమ్మీ పట్టుకుని, ర్యాంపు మీద మెల్లగా నడిచి పైకొచ్చాడు.

"బాగుండాదే!" అన్నాడు.